మూల కుదరడం లేదా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర మాకు 200 గజాల ప్లాటు ఉంది, 30×60. మేస్త్రీ 3-4-5 అడుగుల లెక్కతో (3, 4 అడుగుల భుజాలు, 5 అడుగుల కర్ణం) ముందు మూల తీసి దారం లాగితే, వెనక మేకు పక్కవాళ్ల హద్దు రాయి దాటి రెండడుగులు అవతలికి పోయింది. లెక్కే తప్పా?

జవాబు: లెక్క సరైనదే, త్రిభుజమే మరీ చిన్నది. 5 అడుగుల దగ్గర టేపు ఒక్క అంగుళం ఎక్కువ వస్తే మూల 90కి బదులు 92 డిగ్రీలవుతుంది. 60 అడుగులు పోయేసరికి అది రెండడుగుల పైచిలుకు. ఆ అంగుళం ఎలా వస్తుందంటారా? మేకు మీది చీల నుంచి కాకుండా మేకు అంచు నుంచి కొలిచినా చాలు, టేపు కొన దగ్గర కొక్కెం వదులైనా చాలు.

మీ ముందు కొలత ఎలాగూ 30 అడుగులే కాబట్టి 30-40-50 పట్టండి. ముందు రెండు మూలల్లో మేకులు కొట్టి, వాటి తలల మీద సన్న చీలలు దిగ్గొట్టండి. మూల తీయాల్సిన చీల నుంచి ఒక టేపు 40 అడుగులు, రెండో చీల నుంచి ఇంకో టేపు 50 అడుగులు లాగి, రెండూ కలిసిన చోట మేకు కొట్టండి. ఇప్పుడు అదే అంగుళం తప్పినా వెనక తేడా రెండున్నర అంగుళాలే. నేల ఏటవాలుగా ఉంటే టేపును నేల మీద పరచకండి, మట్టంగా పట్టుకుని తూకం గుండుతో కిందికి దించండి.

నాలుగు మూలలూ అయ్యాక కర్ణాలు చూడండి. రెండూ 67 అడుగుల 1 అంగుళం రావాలి. కర్ణాలు సమానంగా వచ్చాయని అక్కడితో వదిలేయకండి. ముందు 30, వెనక 29 ఉన్నా రెండు కర్ణాలూ ఒకటే రావచ్చు. అందుకే ఎదురెదురు భుజాలూ కొలవాలి.

ఇంత చేసినా రాయితో కుదరకపోతే రాయి జోలికి మాత్రం పోకండి. లేఅవుట్ ప్లానులో మీ ప్లాటు అసలు దీర్ఘచతురస్రమేనా చూడండి. హద్దు తగాదా అయితే అది టేపుతో తేలదు, మీసేవలో ఎఫ్-లైన్‌కు, అంటే హద్దుల సర్వేకు దరఖాస్తు పెట్టి సర్వేయర్‌ను రప్పించుకోవాలి.

ప్రశ్న: డిప్లొమా సర్వే ప్రాక్టికల్స్ కోసం పాత ఇత్తడి ఆప్టికల్ స్క్వేర్ (అద్దాలతో లంబకోణం తీసే చిన్న పరికరం) దొరికింది. సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? (ఉప్పల్)

జవాబు: అందులో రెండు అద్దాలు ఒకదానికొకటి 45 డిగ్రీల్లో ఉంటాయి. రెండుసార్లు పరావర్తనం చెందిన కిరణం అందుకు రెట్టింపు, అంటే 90 డిగ్రీలు తిరుగుతుంది. అద్దం కదిలితే తప్పు కూడా రెట్టింపే.

మైదానంలో 60 మీటర్ల ఎడంతో రెండు రేంజింగ్ రాడ్లు (గుర్తుగా పాతే నిలువు కడ్డీలు) పాతి, ఆ రేఖ మీదే మధ్యలో నిలబడండి. సరిగ్గా రేఖ మీదే ఉన్నారో లేదో ఒక రాడ్ వెనక నుంచి ఇంకొకరు చూసి చెప్పాలి, లేకపోతే పరికరం బాగున్నా తప్పే చూపిస్తుంది. మొదటి రాడ్ నేరుగా కనిపిస్తుండగా, దాని కిందో పైనో అద్దంలో ప్రతిబింబం కలిసేలా పక్కన 30 మీటర్ల దూరంలో మూడో రాడ్ పెట్టించండి. తర్వాత రెండో రాడ్ వైపు తిరిగి, పరికరాన్ని తలకిందులు చేసి మళ్లీ చూడండి. మూడోది కలిస్తే పరికరం మంచిది. కలవకపోతే, కలిసే చోట నాలుగోది పాతండి. ఆ రెండింటి నడిమి బిందువే అసలైన లంబం. రెండింటి ఎడం 10 సెంటీమీటర్లుంటే కోణంలో తప్పు సుమారు 6 నిమిషాలు, అంటే డిగ్రీలో పదో వంతు. నడుమ రాడ్ పాతి, పూర్తి కళాయి ఉన్న అద్దాన్ని తాళంచెవితో కొద్దికొద్దిగా తిప్పి కలిపేయండి. కళాయి సగమే ఉన్న అద్దాన్ని ముట్టుకోకండి.

అద్దాలకు బదులు గాజు ప్రిజం ఉండే ప్రిజం స్క్వేర్ అయితే సవరించేదేమీ ఉండదు. గాజు పగలకుండా, దుమ్ము పట్టకుండా చూసుకుంటే చాలు.

ప్రశ్న: మా దగ్గరంతా బండరాయి. క్రాస్ స్టాఫ్ (చీలికల్లోంచి చూసి లంబం తీసే కర్ర పరికరం) దిగడం లేదు.

జవాబు: ఖాళీ నూనె డబ్బాలో తడి ఇసుక కూరి అందులో నిలబెట్టండి, గుండు వేలాడదీసి నిటారుగా ఉందో చూడండి. ముందు దాన్నీ పరీక్షించాలి: ఒక చీలికలోంచి ఒక రాడ్ సరిచూసుకుని, రెండో చీలికలోంచి కనిపించే చోట పక్కన ఇంకో రాడ్ పాతించండి; పావు వంతు తిప్పి రెండో చీలికను మొదటి రాడ్‌కు సరిచూస్తే, మొదటి చీలికలోంచి రెండో రాడ్ కనపడాలి. 15 మీటర్లు దాటిన ఆఫ్‌సెట్లకు (రేఖ నుంచి పక్కకు తీసే లంబ కొలతలకు) దీన్ని నమ్మకండి. ఆ దూరంలో ఒక్క డిగ్రీ తప్పితే 26 సెంటీమీటర్లు పోతుంది. ఎత్తుపల్లాలున్న చోట మాత్రం, చీలికలు నిలువుగా పొడుగ్గా ఉంటాయి కాబట్టి, ఆప్టికల్ స్క్వేర్ కన్నా ఇదే మేలు.