విశాఖ కంబాలకొండలో పిడుదు పట్టింది, లైమ్ జబ్బు వస్తుందా?

ట్రెక్ నుంచి వచ్చాక పిక్క మీద పిడుదు కనిపించిందని, లైమ్ (పిడుదుల ద్వారా అంటే బాక్టీరియా జబ్బు) వస్తుందేమోనని అడిగారు. దాని గురించి దిగులు పెట్టుకోకండి. లైమ్ బాక్టీరియాను మోసే ఇక్సోడిస్ జాతి పిడుదులు అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, యూరప్ అడవుల్లో ఎక్కువ. అక్కడైనా మామూలుగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే రోగం ఎక్కుతుంది.

మన కొండల్లో జాగ్రత్తపడాల్సింది స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి. దాన్ని అంటించేది పిడుదు కాదు, పొలాల్లో నల్లి అంటామే, ఆ జాతి పురుగు పిల్ల. అర మిల్లీమీటరు కూడా ఉండదు, కుట్టినట్టే తెలియదు. తుప్పలు, గడ్డి, ఎలుకలు తిరిగే చోట్లు దాని నివాసం. వానలు మొదలైన దగ్గర్నుంచి చలికాలం దాకా జోరు ఎక్కువ.

పిడుదు ఇంకా పట్టుకునే ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి, తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగండి. కిరసనాయిలు, కొబ్బరినూనె, అగ్గిపుల్ల ఏదీ వద్దు. దాన్ని రెచ్చగొడితే లోపలున్నదంతా గాయంలోకి కక్కుతుంది. వేళ్ళతో నలపకూడదు. సబ్బుతో కడిగి, తేదీ రాసి పెట్టుకోండి.

మళ్ళీ వెళ్ళేటప్పుడు లేతరంగు ఫుల్ ప్యాంటు, దాని అంచు సాక్సు లోపలికి. బయట ఉన్న చర్మానికి డీట్ (పురుగుల్ని దగ్గరికి రానివ్వని రసాయనం) 20 నుంచి 30 శాతం ఉన్న మందు రాయాలి, లేబుల్ మీద శాతం చూసి కొనండి. సన్‌స్క్రీన్ వాడితే అది ముందు, డీట్ తర్వాత. మన ఉక్కపోతకి చెమటతో పోతుంది కాబట్టి డబ్బా మీద రాసిన వ్యవధి ప్రకారం మళ్ళీ రాసుకోవాలి. పర్మెత్రిన్ అనే పురుగుల మందు 0.5 శాతం స్ప్రే బట్టలకీ బూట్లకీ మాత్రమే, ముందురోజే కొట్టి ఆరబెట్టాలి. గజ్జికి ఇచ్చే 5 శాతం క్రీము ఇందుకు కాదు. కుక్క పిడుదుల మందు అమిట్రాజ్ ఇంట్లో ఉంది కదా అని కాళ్ళకు రాసుకోవద్దు, ఒంట్లోకి ఎక్కితే మత్తు కమ్మి గుండె వేగం పడిపోతుంది. గడ్డి మీద నేరుగా కూర్చోకండి, విప్పిన చొక్కా తుప్ప మీద వేయకండి.

ఇంటికి రాగానే సబ్బూ పీచుతో ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేయాలి. ఆ నల్లి పిల్ల చర్మంలోకి దూరదు, పైనే అంటుకుని ఉంటుంది, రుద్దితే పోతుంది. బట్టలు బాగా మరిగిన నీళ్ళలో నానబెట్టండి, చన్నీళ్ళకి పిడుదు చావదు.

ఇక అసలు సంగతి. కొండ ఎక్కిన 6 నుంచి 21 రోజుల్లోపు జ్వరం, తలనొప్పి వస్తే ఒళ్ళంతా వెతకండి. నల్లి పిల్ల కుట్టిన చోట నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు, సిగరెట్‌తో కాల్చినట్టుండే మచ్చ. నొప్పి, దురద ఉండవు కాబట్టి మనకి తెలియదు. చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, మొలతాడు కింద చూడాలి. మచ్చ లేకపోయినా స్క్రబ్ టైఫస్ ఉండొచ్చు.

మెడికల్ షాపులో ఇచ్చే అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ దీనిమీద పనిచేయవు. రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. మందు డాక్సీసైక్లిన్, పెద్దవాళ్ళకి సాధారణంగా 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, 7 రోజులు. గర్భిణులకి అజిత్రోమైసిన్ ఇస్తారు. ఈ జబ్బుకి చేసే ఐజీఎం ఎలైజా రక్త పరీక్ష మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు, అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు రిపోర్టు కోసం ఆగరు. పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్ళినా, వీధి చివరి క్లినిక్‌కి వెళ్ళినా కొండ ఎక్కిన తేదీ మీరే ముందు చెప్పండి, మచ్చ చూపించండి.