డచ్‌లో తాళం చెవి జేబులో 'కూర్చుంటుందా'?

తాళం చెవి జేబులో 'కూర్చుంటుంది' అని డచ్ వాళ్ళెందుకంటారని మీరు అడిగారు కదా, ఆ 'జిట్టెన్' (కూర్చోవడం) అనే క్రియ నన్నూ ఏడాది తిప్పలు పెట్టింది. నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ వచ్చిన కొత్తలో ఓ సహోద్యోగి ఫోన్లో 'ఇక్ జిట్ ఇన్ డె ట్రెయ్న్' (మాటకి మాట, ట్రైన్లో కూర్చున్నా) అంటే పాపం సీటు దొరికిందనుకున్నా, తీరా చూస్తే మనిషి తలుపు దగ్గర నిలబడే వచ్చాడట! ట్రైన్లో ఉన్నా, అంతే దానర్థం.

రూపాలు తేలికే. నేనైనా నువ్వైనా అతనైనా 'జిట్', మూలంలోనే ట ఉంది కాబట్టి మామూలుగా అతనికి క్రియ చివర చేర్చే ట ఇక్కడ మళ్ళీ తగిలించరు. మేము, మీరు, వాళ్ళు అంటే 'జిట్టెన్' (మాటల్లో చివరి న చాలామంది మింగేస్తారు). గతంలో ఒక్కరికి 'జట్', ఎక్కువమందికి 'జాటెన్', అచ్చు సాగడం గమనించండి. 'హెబ్'తో (ఇంగ్లీషు 'have' లాంటిది) కలిపితే 'ఖెజేటెన్'. 'ఇక్ బెన్ హెట్ జట్' అని వింటే మాత్రం కంగారు పడకండి, అది వేరే మాట, నాకు విసుగొచ్చేసింది అని.

అసలు చిక్కు వాడుకలో. మనకి అన్నిటికీ ఒక్క 'ఉంది' చాలు, వీళ్ళకి వస్తువు ఎలా ఉందో కూడా చెప్పాలి: బల్ల మీద ప్లేటు నిలబడుతుంది, చాకు పడుకుంటుంది, దేని లోపలైనా ఇమిడిపోయింది మాత్రం కూర్చుంటుంది. అందుకే మీ తాళం చెవి జేబులో 'జిట్'. నేను గుడ్డు కూడా తినను కాబట్టి బేకరీలో నాకు రోజూ పనికొచ్చే వాక్యం 'జిట్ ఎర్ ఎయ్ ఇన్?', ఇందులో గుడ్డుందా అని. మొదట్లో 'జిట్' బదులు 'ఇస్' (ఇంగ్లీషు 'is' లాంటిది) పెట్టి అడిగేదాన్ని, కౌంటర్లో అమ్మాయి అర్థం చేసుకుని 'నే, ఎర్ జిట్ ఖేన్ ఎయ్ ఇన్' (లేదు, ఇందులో గుడ్డు లేదు) అనేది, అలా విని విని నోటికొచ్చింది.

ఇంకోటుంది, ఇది మనకి అచ్చొచ్చేది. 'ఏడుస్తూ కూర్చోకు', 'ఆలోచిస్తూ కూర్చున్నా' అంటాం కదా, సరిగ్గా అదే 'ఇక్ జిట్ టె డెన్కెన్'. ఇంగ్లీషులోంచి కాకుండా నేరుగా తెలుగులోంచి వెళ్ళండి, సగం టెన్షన్ తగ్గుతుంది. ఒక్క మెలిక, 'హెబ్'తో చెప్పేటప్పుడు అక్కడ 'ఖెజేటెన్' రాదు, మామూలుగా 'టె' కూడా ఎగిరిపోతుంది: 'ఇక్ హెబ్ జిట్టెన్ వఖ్టెన్', ఎదురు చూస్తూ కూర్చున్నా అని. ఇది నేను ఇప్పటికీ తప్పుతుంటాను.