మామయ్య అంగీ మూడో గుండీ

బిడ్డా,

ఉద్యోగానికి సెలవు పెట్టి, పక్షవాతం వచ్చిన మీ బాపును హనుమకొండ ఇంటికి తెచ్చుకుంటున్నావని తెలిసి రాత్రంతా నిద్ర పట్టలేదు. సంతోషం ఒక పక్క, భయం ఒక పక్క. ఒక్కదానివి ఎలా నెట్టుకొస్తావే?

బాత్‌రూం గోడకు కడ్డీలు పెట్టించు. జారే గోనెపట్టాలు తీసెయ్. బీపీ మాత్ర మరవకు. అన్నం కూర్చునే తినాలి. మాటిమాటికీ పొలమారితే డాక్టరుకు చెప్పు.

ఇక నా తప్పు విను. మీ మామయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయినప్పుడు ఫిజియోథెరపీ అబ్బాయి రోజూ వచ్చి నడిపించేవాడు. మూడో నెలకు కర్ర పట్టుకుని భద్రకాళి చెరువు గట్టు దాకా వెళ్లారు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఇంట్లో మాత్రం ముద్ద కలిపి పెట్టేది నేనే, గుండీలు పెట్టేది నేనే. ఒకరోజు పెళ్లికి బయలుదేరుతూ ఆయనే మొదలుపెట్టారు. రెండు గుండీలు పెట్టుకున్నారు. మూడోది కాజా అంచు దాకా వచ్చి జారుతోంది, మళ్లీ పట్టుకుంటున్నారు, మళ్లీ జారుతోంది. బస్సు వెళ్లిపోతుందని ఆ చేతిని పక్కకు నెట్టి నేనే పెట్టేశాను. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ ఎప్పుడూ గుండీ ముట్టుకోలేదు. ఆ చెయ్యి ఒళ్లో అలా పడి ఉండేది.

తినడం, తొడుక్కోవడం లాంటి రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ అని ఒకటుందని ఏడాదికి గానీ తెలియలేదు. అది నేర్పడానికి వచ్చిన అమ్మాయి అంగీతోనే మొదలుపెట్టింది: తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. మొదటి మూడు నెలల్లో వచ్చినంత త్వరగా తర్వాత రాదట. వస్తుంది, నెమ్మదిగా. నేను పోగొట్టింది ఆ మూడు నెలలే.

అందుకే ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వాళ్లిద్దరినీ మొదటి వారంలోనే పిలిపించు, ఒకరితో ఒకరిని మాట్లాడించు. పడిపోయిన కాలి మీద బరువు వేసి నిలబడటం ఒకరు నేర్పితే, అలా వంటగట్టు దగ్గర నిలబడే చిక్కుడుకాయలు తుంచడం ఇంకొకరు నేర్పుతారు. మధ్యలో విశ్రాంతి ఇవ్వు. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగావో, భుజం కీలు దెబ్బతింటుంది, నా చేతిలో నీకు తిట్లు తప్పవు. నీకు నా తొందరే వచ్చింది, అదే నా భయం. మాట తడుముకుంటున్నా నువ్వు అందించకు, కాస్త ఆగు.

చిన్నప్పుడు అమ్మ సకినాలు చుడుతుంటే అన్న పక్కన చేరి వంకరటింకరగా చుట్టేవాడు. సంక్రాంతికి వస్తాను. పిండి నేను తడుపుతాను, గుడ్డ నువ్వు పరువు. మొదటి వాయి మీ బాపు చుట్టినవే. మధ్యాహ్నం దాటినా సరే, నువ్వు చెయ్యి పెట్టకు.

మీ అత్త