ఆకుల మీది దుమ్ముతో విజయవాడ బెంజ్ సర్కిల్ గాలిని అంచనా వేయవచ్చా?

డిగ్రీ ప్రాజెక్టుకి మెషీన్ లేకుండా ఆకులు, మట్టితో గాలి కాలుష్యం కొలవచ్చా అని అడిగారు. కొలవచ్చు. కాకపోతే పీఎం 10, అంటే గాలిలో తేలే 10 మైక్రాన్ల లోపు సన్నటి దుమ్ము, అంకె రాదు. మన దేశంలో దానికి పెట్టిన పరిమితి 24 గంటల సగటుకి ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు. మీకొచ్చేది చదరపు సెంటీమీటరు ఆకు మీద ఎన్ని మిల్లీగ్రాముల దుమ్ము ఉందన్నది. ఏ వీధి ఎక్కువ మురికో పోల్చడానికే ఇది.

అన్ని చోట్లా కానుగే తీయండి. ఒకచోట కానుగ, ఇంకోచోట టేకు అయితే లెక్క పోయినట్టే, గరుకు ఆకు దుమ్ముని వదలదు. జనవరిలో, వాన పడి కనీసం పది రోజులయ్యాక, రోడ్డు వైపు కొమ్మల్లో మనిషి ఎత్తున ముదురాకులు 20 కోయండి. డివైడర్ మొక్కల జోలికి వెళ్లకండి, ట్యాంకర్ నీళ్లు కొడితే దుమ్మంతా కిందే. పోలికకి బండ్లు తిరగని కాలనీలోంచి ఇంకో 20.

కాడ పట్టుకుని డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తటి బ్రష్‌తో రెండు వైపులా కడిగి, ఆ నీళ్లని ముందే తూచిన ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మన ఊరి తేమకి కాగితం బరువు మిల్లీగ్రాముల్లో మారిపోతుంది. అందుకే ముందూ తర్వాతా 105 డిగ్రీల దగ్గర గంట ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ తగలనివ్వని మూత గాజు పాత్ర) చల్లార్చాకే తూచాలి. కిచెన్ కాటా పనికిరాదు, కాలేజీ ల్యాబ్ బ్యాలెన్సే కావాలి.

వైశాల్యానికి గ్రాఫ్ గళ్లు లెక్కపెడుతూ కూర్చోనక్కర్లేదు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) జెరాక్స్ కాగితం చదరపు సెంటీమీటరుకి 8 మిల్లీగ్రాములు. ఆకుల ఆకారాలు గీసి, కత్తిరించి, ముక్కలన్నీ తూచి, ఆ మిల్లీగ్రాముల్ని 8తో భాగిస్తే ఒక వైపు వైశాల్యం వచ్చేస్తుంది.

మట్టి చెప్పేది వేరే కథ. ఆకు పది రోజుల సంగతి చెబితే, మట్టి ఏళ్ల సంగతి చెబుతుంది. సీసం కలిసిన పెట్రోలు 2000లో ఆగినా, ఆ సీసం పాత రోడ్ల పక్క మట్టిలో ఉండిపోతుంది. జింకు టైర్ల అరుగుదల నుంచి, రాగి బ్రేకుల నుంచి వస్తాయి. పైపైన 5 సెంటీమీటర్లే, ప్లాస్టిక్ చెంచాతో తీయండి. బయటినుంచి తెచ్చి పోసిన మట్టి వద్దు. అయస్కాంతం పెట్టి నల్ల రేణువులు చూసి కాలుష్యం అనేయకండి, కృష్ణ ఇసుకలోనూ అవి సహజంగానే ఉంటాయి. లోహాలకి ల్యాబ్ పరీక్ష తప్పదు. డబ్బు తక్కువైతే మట్టి మానేసి ఆకులే ఇంకో రెండు చోట్ల చేయండి.