ఇంట్లో వెలుతురు కోసం ఎమర్జెన్సీ ఫండ్ కరిగించొద్దు

ప్రశ్న: మాది సొంత ఇల్లు, ఒకటే అంతస్తు. రెండు పక్కలా పొరుగు గోడలు ఆనుకుని ఉండటంతో మధ్య హాలు, దాని వెనక వంటగది పట్టపగలు కూడా చీకటే. వంటగది గడప దగ్గర మా అత్తగారు రెండుసార్లు తూలి పడబోయారు. హాలు మీద స్లాబు కోసి పెద్ద స్కైలైట్ (పైకప్పులో గాజు కిటికీ) పెట్టించి, హాలుకీ వంటగదికీ మధ్య గోడ తీసేసి, వెనక గోడకి నిలువెత్తు గాజు తలుపులు బిగించాలని అనుకుంటున్నాం. కాంట్రాక్టర్ ఇచ్చిన ఎస్టిమేట్ మావారి ఏడు నెలల జీతమంత ఉంది. మూడు నెలల జీతమంత ఎఫ్‌డీలో ఉంది, అది తీసేస్తాం. ఇంకో మూడు నెలల జీతమంత పర్సనల్ లోన్ (16 శాతం వడ్డీ, మూడేళ్లు). మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐ (నెలకు 3 శాతం, ఏడాది). హోమ్ లోన్‌కి ఇప్పటికే జీతంలో 30 శాతం పోతోంది. అన్ని ఖర్చులూ పోను 20 శాతం మిగులుతుంది కాబట్టి కట్టగలం. ఇల్లు ఆస్తే కదా, డబ్బు ఎక్కడికీ పోదు. కరెంటు బిల్లు కూడా తగ్గుతుంది. మా ఆలోచన సరైనదేనా? కాంట్రాక్టర్‌కి కొంత అడ్వాన్స్ ఇచ్చేశాం. – ఒక పాఠకురాలు

జవాబు: సరైనది కాదండీ. నాకు వచ్చే ఉత్తరాల్లో ఇంటి పనుల గురించి అడిగే ప్రతి ఒక్కరూ రాసే మాట మీరూ రాశారు: "ఇల్లు ఆస్తే కదా, డబ్బు ఎక్కడికీ పోదు." అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. ఆ డబ్బు ఎక్కడికీ పోదు, నిజమే. అవసరానికి చేతికి కూడా రాదు. రేపు మీ అత్తగారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే, కౌంటర్ దగ్గర స్కైలైట్ చూపించి బిల్లు కట్టలేరు. ఇంటి విలువ పెరిగిందా అన్నది ఇల్లు అమ్మిన రోజు తేలే సంగతి. మీ ఎఫ్‌డీలాంటి ఎమర్జెన్సీ ఫండ్ ఆ రోజు కోసం కాదు, వచ్చే మంగళవారం ఏదైనా జరిగితే ఆదుకోవడానికి.

మీరు జీతం ఎంతో రాయలేదు, పరవాలేదు. నెల జీతాన్నే కొలతగా పెట్టుకుని లెక్క చూద్దాం. పర్సనల్ లోన్ ఈఎంఐ జీతంలో దాదాపు పదిన్నర శాతం. కార్డు ఈఎంఐ ఇంకో పది శాతం. రెండూ కలిపితే ఇరవై దాటింది. అంటే మొదటి ఏడాదంతా మీకు మిగిలేది సున్నా కాదు, సున్నాకి కాస్త కింద. హోమ్ లోన్ కలుపుకుంటే జీతంలో సగం అప్పులకే పోతుంది. వడ్డీ రూపంలోనే లోన్‌కి నెల జీతంలో 80 శాతం, కార్డుకి 20 శాతం కడతారు. అంటే అక్షరాలా ఒక నెల జీతం. ఏడు జీతాల పని ఎనిమిది జీతాలయింది. ఈ లెక్కంతా ఒక్క నెల కూడా ఈఎంఐ తప్పకపోతేనే.

తప్పితే? ఎఫ్‌డీ ఖాళీ, నెలనెలా మిగులు లేదు, సంపాదన ఒక్కరిది. అప్పుడు మిగిలేది మళ్లీ కార్డే. నెలకు 3 శాతం చొప్పున, ఏమీ కట్టకుండా వదిలేసిన బాకీ రెండేళ్లలో రెట్టింపు దాటుతుంది. కార్డు కూడా నిండాక ఫోన్‌లో అయిదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల వైపు చూసిన కుటుంబాలు నాకు తెలుసు. అక్కడి నుంచి బయటపడటానికి ఏళ్లు పట్టింది. నాలుగు గోడలున్న ఇంటికి ఇంకాస్త వెలుతురు కోసం ఆ దారిలో మొదటి అడుగు వెయ్యడం నాకు బొత్తిగా నచ్చదు. కటువుగా అనిపిస్తే ఏమనుకోకండి.

ఇంటి పనుల్లో ఇంకో ప్రమాదం ఉంది. కారో, టీవీయో కొంటే ఖర్చు ఎంతో ఆ రోజే తెలుస్తుంది. స్లాబు కోస్తే లోపల ఏముందో కోశాకే తెలుస్తుంది. ఇనుప చువ్వలు ఎక్కడ తెగుతున్నాయి, కోసిన అంచు చుట్టూ బీము వెయ్యాలా, మీరు తీసేద్దామంటున్న గోడ స్లాబు బరువు మోస్తోందా అన్నవి కాంట్రాక్టర్ కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్ చెప్పాలి. మీ ఎస్టిమేట్‌లో ఇంజనీర్ ఫీజు ఉందా? వాటర్‌ప్రూఫింగ్ విడిగా రాశారా? పని జరిగినన్నాళ్లూ వంట ఎక్కడ చేసుకుంటారు? పాత ఇంటి మార్పులకు ఎస్టిమేట్ మీద కనీసం 15 నుంచి 20 శాతం అదనంగా చేతిలో ఉంచుకోవాలి. మీ విషయంలో ఆ అదనమే ఒక జీతం దాటుతుంది. అది ఏ జేబులోంచి తీస్తారో ఉత్తరంలో లేదు. స్లాబుకి కంత పడ్డాక డబ్బు అయిపోతే పని ఆపలేరు, ముందుకీ పోలేరు. పైన టార్పాలిన్ కట్టుకుని, కింద బకెట్లు పెట్టుకుని కూర్చోవాలి. ఆ స్థితిలో ఉన్న మనిషి ఎంత వడ్డీకైనా సంతకం పెట్టేస్తాడు.

ఇక కరెంటు బిల్లు సంగతి. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, పగలు పది గంటలు వెలిగినా రోజుకి 360 వాట్-గంటలు. వెయ్యి వాట్-గంటలు ఒక యూనిట్ కాబట్టి ఏడాదికి 131 యూనిట్లు, అంటే నెలకు 11. మీ బిల్లు తీసి 11 యూనిట్ల ఖరీదెంతో చూసుకోండి. దాన్ని ఏడు జీతాలతో పోల్చి చూస్తే మీకే నవ్వొస్తుంది. పైగా మండే ఎండ ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల వేడి కుమ్మరిస్తుంది. మామూలు గాజయితే అందులో ఎక్కువ భాగం నేరుగా గదిలోకి దిగుతుంది. పెద్ద స్కైలైట్ కింద పగలంతా హీటర్ పెట్టుకున్నట్టే. బల్బుల్లో మిగిలింది ఫ్యానుకీ ఏసీకీ పోగా, ఇంకా పైనుంచి పడుతుంది. వెలుతురు కావాలనుకోవడం సుఖం కోసం, ఆరోగ్యం కోసం. అందులో తప్పు లేదు. దాన్ని పెట్టుబడి అని మాత్రం అనకండి. ఆ మాట తగిలించిన మరుక్షణం అప్పు చెయ్యడానికి మనసు సాకు దొరకబుచ్చుకుంటుంది.

మీ అత్తగారి సంగతి మాత్రం ఇవాళే చూడాలి. వయసు పైబడిన కంటికి కుర్రవాళ్ల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ వెలుతురు కావాలి. గడప దగ్గర ఒక బల్బు పెట్టి పగలంతా వెలగనివ్వండి. గడప అంచుకి లేతరంగు పట్టీ వేయించండి. పట్టుకుని నడవడానికి గోడకి ఒక కడ్డీ బిగించండి. పగలు లైటు వెయ్యడం దండగ అని పెద్దవాళ్లే వెళ్లి ఆర్పేస్తుంటారు, కాబట్టి స్విచ్ మీద టేపు అంటించినా తప్పులేదు. ఈ ప్రమాదం తప్పించడానికి స్లాబు కొయ్యక్కర్లేదు.

తర్వాత, ఇంట్లోకి ఇప్పటికే వస్తున్న వెలుతురును మనమే ఎంత తినేస్తున్నామో చూడండి. పైకప్పుకీ గోడలకీ తెల్ల రంగు వేస్తే పడిన వెలుతురులో 80 శాతం దాకా తిరిగి గదిలోకే వస్తుంది. ముదురు రంగుల మీద పడితే 20 శాతం కూడా రాదు. ఫ్యాషన్ కోసం హాల్లో ఒక గోడకి ముదురు రంగు వేయించుకుని, ఆ తర్వాత చీకటి అని బాధపడే ఇళ్లు చాలా ఉన్నాయి. మీదీ అంతేనేమో చూసుకోండి. ముందు పైకప్పు, ఆ తర్వాత కిటికీకి ఎదురుగోడ, కిటికీ పక్కల లోపలి అంచులు. డబ్బు తక్కువుంటే ఈ వరసలోనే వేయించండి. దోమల జాలీకి పట్టిన దుమ్ము కడగండి. కర్టెన్ రాడ్ కిటికీ కన్నా రెండు పక్కలా ఒక అడుగు పొడవుంటే, కర్టెన్ పూర్తిగా గోడ మీదికి జరిగి గాజు మొత్తం తెరుచుకుంటుంది. కిటికీకి సగం అడ్డంగా నిలబెట్టిన బీరువా ఉంటే జరపండి. కిటికీ పక్క గోడకి పెద్ద అద్దం తగిలిస్తే ఆ వెలుతురు లోపలికి మళ్లుతుంది. ఇవన్నీ కలిపినా నెలనెలా మిగిలే డబ్బులోంచే అయిపోతాయి.

అయినా వంటగదికి వెలుతురు చేరదని నాకూ తెలుసు. కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, దానికి రెండు రెట్లు, మహా అయితే రెండున్నర రెట్ల దూరం దాకానే పనికొచ్చే వెలుతురు వెళ్తుంది. పై అంచు 7 అడుగుల ఎత్తులో ఉంటే 14 అడుగులు దాటాక మసకే. అందుకే కిటికీ వెడల్పు చెయ్యడం కన్నా పైకి పెంచడం మేలు. మధ్య గోడ మొత్తం తియ్యకుండా, ఇంజనీర్ సరేనంటే, దాని పై భాగంలో గాజు పట్టీ పెట్టించవచ్చు. వెనక తలుపు పైన గాజు వెంటిలేటర్, తలుపుకి గాజు పలక చాలు, నిలువెత్తు తలుపులు అక్కర్లేదు. పైనుంచి వెలుతురు కావాలంటే పది పద్నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న ట్యూబ్ స్కైలైట్ చూడండి. లోపల అద్దంలా మెరిసే గొట్టం అది, పైన గుండ్రటి మూత ఉంటుంది. కొయ్యాల్సిన కంత చిన్నది, దిగే వేడీ తక్కువ. మబ్బు పట్టిన రోజు నడినెత్తి ఆకాశం అంచుల్లోని ఆకాశం కన్నా మూడు రెట్లు వెలుగుతుంది, కాబట్టి పైన చిన్న కంత కూడా బాగానే పనిచేస్తుంది. ఎప్పటికైనా పెద్ద గాజే పెట్టించేట్టయితే, పగిలినా ముక్కలు కింద రాలని లామినేటెడ్ గాజు అని కొటేషన్‌లో రాయించుకోండి.

డబ్బు ఎక్కడి నుంచి? ఇరవై శాతం కట్టగలమని మీరే రాశారు కదా, దాన్ని వచ్చే నెల నుంచే పక్కన పెట్టండి. మీ ఖర్చులు జీతంలో 80 శాతం. ఒక్కరి సంపాదన మీద, పెద్దావిడ కూడా ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండి తీరాలి. అంటే 4.8 నెలల జీతం. మీ దగ్గర ఉన్నది 3, నాలుగు నెలల ఖర్చుకి కూడా సరిపోదు. ఎఫ్‌డీ కదపకుండా, నెలకు 20 శాతం చొప్పున కలుపుతూ పోతే తొమ్మిది నెలల్లో ఫండ్ పూర్తవుతుంది. పదో నెల నుంచి అదే మొత్తం ఇంకో ఖాతాలో, "వెలుతురు" అని పేరు పెట్టి వెయ్యండి. ఆరు నెలలకి 1.2 జీతం. ట్యూబ్ స్కైలైటూ వెంటిలేటర్లూ అప్పటికి మొదలుపెట్టండి, ఎంత డబ్బుంటే అంత పని. ఈ రెండు ఖాతాలూ ఎప్పుడూ కలపకండి. ఇంటి పని మధ్యలో డబ్బు తక్కువైతే పని ఆగాలి గానీ ఫండ్ మీద చెయ్యి పడకూడదు.

హోమ్ లోన్ మీద టాప్-అప్ (ఉన్న లోన్ మీదే అదనంగా తీసుకునే అప్పు) అయితే వడ్డీ తక్కువే, కానీ ఫండ్ నిండాకే ఆ మాట. రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవద్దు. మీవారికి టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే స్కైలైట్ కన్నా అది ముందు. ఇంటికి బీమా ఉంటే, గోడ గానీ స్లాబు గానీ కదిలించే ముందు కంపెనీకి రాసి చెప్పండి. చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ సమయంలో తగాదా అవుతాయి.

కాంట్రాక్టర్ అడ్వాన్స్ విషయం: ఆ డబ్బు పోతుందన్న భయంతో ఏడు జీతాల పనికి దిగకండి. పని చిన్నదయిందని చెప్పి, పైకప్పు రంగు, గడప పని, గోడ కడ్డీ ఆ అడ్వాన్స్‌లోనే సర్దమనండి. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే రసీదు చూపించి ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఎంతో కొంత పోయినా, అది పైన లెక్కేసిన వడ్డీలో ఎన్నో వంతో చూసుకుని ఊరుకోండి. లోన్ దరఖాస్తు ఇప్పటికే పెట్టి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే ఈ వారమే ఫోన్ చేసి రద్దు చేయించండి.