గది గొంతు వినిపించే కచేరీ కోసం

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఆ ఖాళీ గోదాములో కచేరీ చేయడానికి అనుమతి దొరికిందని తెలిసి చాలా సంతోషించాను. అయితే నువ్వు రాసిన వాద్యాల జాబితా చూశాక కంగారు కలిగింది. సెల్లో, రెండు సాక్సోఫోన్లు, గంటలు, సింథసైజర్ కలిసి మోగితే ఆ కట్టడం నోరు తెరవడానికి సందే దొరకదు. అక్కడ అసలు వాద్యం గోదామే. మీరందరూ దాన్ని మీటే వేళ్ళు.

కాబట్టి మొదటిసారి చేతులు ఊపుకుంటూ వెళ్ళు. ఫ్యాన్లు, మోటార్లు అన్నీ ఆపించు. గది మధ్యలో ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి, చప్పుడు పూర్తిగా ఆరిపోయేదాకా లెక్కపెట్టు. తర్వాత పెదవులు మూసి గొంతును మంద్రం నుంచి పైకి మెల్లగా జారుస్తూ పో. కొన్ని స్వరాల దగ్గర నువ్వు బలం పెట్టకుండానే నాదం ఒక్కసారిగా ఉబ్బుతుంది. వాటిని రాసిపెట్టుకో. గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య 5 మీటర్ల దూరం ఉంటే, ఆ వేగాన్ని రానూపోనూ దూరమైన 10తో భాగించు; వాటి మధ్య నిలిచే మొదటి స్వరం సుమారు 34 హెర్ట్జ్, అంటే సెకనుకు 34 కంపనాలు. అది మన గొంతుకు అందదు కానీ దాని రెట్లు, అంటే 137, 171, 206 లాంటివి అందుతాయి. ఆ స్వరాల్లో ఒకదాన్ని స్పీకరులో ఆపకుండా మోగిస్తూ గదంతా నడిచి చూడు. ఒకచోట హోరుగా ఉన్న నాదం రెండడుగులు వేసేసరికి సన్నబడుతుంది. అందుకే శ్రోతలను కుర్చీలకు కట్టిపడేయవద్దని నా గట్టి అభిప్రాయం. వాళ్ళను తిరగనివ్వు.

అమెరికా స్వరకర్త ఆల్విన్ లూసియర్ 1969లో చేసిన పని నీకు తెలిసే ఉంటుంది. తన మాటలను రికార్డు చేసి, దాన్ని గదిలో వినిపిస్తూ మళ్ళీ రికార్డు చేశాడు. అలా చేస్తూ పోగా మాటలు కరిగిపోయి, ఆ గదికి ఇష్టమైన స్వరాలే మిగిలాయి. ఒక మైకు, ఒక స్పీకరు ఉంటే నువ్వూ చేయవచ్చు. రికార్డరులో శబ్దాన్ని తనంతట తాను పెంచి తగ్గించే సదుపాయాన్ని తప్పకుండా ఆపెయ్యి. మైకును, స్పీకరును చివరిదాకా కదపకు. స్పీకరును మూలలో పెడితే మంద్ర స్వరాలు బాగా లేస్తాయి.

ఇక అందరూ మరిచిపోయే సంగతి: జనం. ఖాళీ గదిలో సాధన చేసి, నిండిన గదిలో కచేరీ చేస్తే రెండూ వేరు వేరు వాద్యాలు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే వాలెస్ సబీన్‌కు ఒక ఉపన్యాస మందిరాన్ని బాగుచేసే పని అప్పగించారు. అక్కడ మాట 5.5 సెకన్లు మోగుతూ ఉండేది. ఆయన వేరే థియేటర్ నుంచి సీటు మెత్తలు తెప్పించి, వాటిని పరుస్తూ చప్పుడు ఎంతసేపు మోగుతుందో కొలిచాడు. చివరికి తేలింది ఇది: గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదం, అంటే చప్పుడు ఆగాక కూడా గదిలో మోగుతూ ఉండే సమయం, పెరుగుతుంది, ధ్వనిని పీల్చేవి పెరిగితే తగ్గుతుంది. మనిషి ఒంటిమీది బట్టలు ముఖ్యంగా పై స్వరాలను పీల్చేస్తాయి. నువ్వు నమ్ముకున్న గంటల మెరుపు సగం అక్కడే పోతుంది. సాధనకు స్నేహితులను పిలువు, లేదా దుప్పట్లు వేలాడదీసి చూడు.

1988లో అమెరికా స్వరకర్త పాలీన్ ఒలివెరోస్ బృందం భూగర్భంలోని ఖాళీ నీటి తొట్టెలో వాయించింది. అక్కడ ప్రతినాదం సుమారు 45 సెకన్లు. అలాంటి చోట వేగంగా వాయిస్తే అంతా ముద్ద అవుతుంది, ఇందాకటి స్వరం ఇప్పటి స్వరంతో కలిసే ఉంటుంది. నీ గోదాములో మూడు నాలుగు సెకన్లే ఉన్నా సూత్రం అదే. వరసగా వాయించినవి కలిసి మోగుతాయి, అందుకని కలిసి మోగితే బాగుండే స్వరాలనే వరసగా పెట్టుకో. ప్రతి స్వరాల వరస తర్వాత గది ముగించేదాకా ఆగు. ఆ ఆగడం మొదట్లో భయంగా ఉంటుంది, శ్రోతలు విసుక్కుంటారేమో అనిపిస్తుంది. విసుక్కోరు. గది నాదం తోక ఎక్కడ ముగుస్తుందో వినడానికి వాళ్ళే ముందుకు వంగుతారు.

సింథసైజర్ వదిలెయ్యి. సాక్సోఫోన్లలో ఒకటి చాలు. సెల్లో మాత్రం ఉంచుకో, దాని మంద్ర తీగలు నువ్వు రాసుకున్న స్వరాలకు చాలా దగ్గరగా వెళ్ళగలవు. గోడల మధ్య దూరాలు, నువ్వు గుర్తించిన స్వరాలు, చప్పట్ల రికార్డింగు ఈ వారంలో పంపు. సెల్లో ఏ మూలన కూర్చోవాలో ఫోనులో తేల్చుకుందాం.

ఆశీస్సులతో,
మామయ్య