సిస్వాతి కవితకు లయ ఎక్కడి నుంచి వస్తుంది?

ఎస్వాతినిలోనూ పక్కనున్న దక్షిణాఫ్రికాలోనూ మాట్లాడే సిస్వాతిలో రాజులను కీర్తించే స్తుతులను ‘తిబొంగొ’ అంటారు. వాటికి గణాలు లెక్కపెట్టే ఛందస్సు లేదు. మరి ఆ ఊపు ఎలా వస్తుందని మీ ప్రశ్న.

సగం పని వ్యాకరణమే చేస్తుంది. నామవాచకం మొదట ఉండే పూర్వప్రత్యయానికి తగినట్టే దాని వెంట వచ్చే మాటలూ మొదలవుతాయి: ‘బఫానా బామి బయద్లాలా’, అంటే ‘నా అబ్బాయిలు ఆడుకుంటున్నారు’. మూడుసార్లు బకారం! ఇది కవి వెతికి తెచ్చిన అనుప్రాస కాదు, ఇంట్లో మాట్లాడుకునే మాటే. నాకు అన్నిటికన్నా అపురూపంగా తోచేది ఇదే.

పైగా వాక్యం ముగిసేచోట, చివరి నుంచి రెండో అచ్చు సాగుతుంది. పాదం ఆగిందని చెవికి తెలుస్తుంది. తరచుగా ఒక పాదంలోని మాటను తరువాతి పాదం అందుకుని, కొంచెం మార్చి చెబుతుంది. వినేటప్పుడు ఆ చిన్న మార్పును గమనించండి.